కాగితం మీద 2.20 అని ఉంది. అది ఎంత భూమి?

వరిచేను_భీమవరం
మాది భీమవరం దగ్గర పల్లె. మా ఆవిడ పుట్టిల్లు హనుమకొండ వైపు. మొన్న ఆదివారం మా మామగారు తన ఐదెకరాలూ ఇద్దరు కూతుళ్ళకు సమానంగా ఇస్తానని అందరినీ కూర్చోబెట్టారు. తెల్లకాగితం మీద తన చేతిరాతతో పెద్దమ్మాయికి 2.20, చిన్నమ్మాయికి 2.20 అని రాశారు. నేను ఫోనులో కూడి చూస్తే 4.40 వచ్చింది. ఉండబట్టలేక "మామయ్యా, మిగతా అరవై సెంట్లు ఎవరికి?" అని అడిగేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. మా తోడల్లుడు మాట్లాడకుండా లేచి బయటికి వెళ్ళిపోయాడు. మా ఆవిడ రెండు రోజులుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. అక్కడి లెక్క వేరని తర్వాత ఎవరో అన్నారు. ఎలా వేరు? ఒకే భాష మాట్లాడుకునేవాళ్ళం, ఒకే అంకె ఇద్దరికీ రెండు రకాలుగా ఎందుకు కనబడుతోంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

ఓరుగల్లు_కోట
మీ మామగారి లెక్క నూటికి నూరు పాళ్ళూ సరి. అది రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు. ఇరవై, ఇరవై కలిస్తే ఒక ఎకరం. మొత్తం ఐదు. ముందు ఆయనకు ఫోను చేయండి. మిగతా చర్చ తర్వాత చదువుకోవచ్చు.

లెక్కల_మాస్టారు
అసలు చిక్కంతా ఆ చుక్కలో ఉంది. ఆంధ్రలో ఎకరాన్ని 100 సెంట్లు చేశారు కాబట్టి 2.20 అంటే మామూలు దశాంశమే, కూడినా తీసేసినా ఇబ్బంది లేదు. తెలంగాణలో ఎకరం అంటే 40 గుంటలు. అక్కడ చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలనూ గుంటలనూ విడదీసే గుర్తు మాత్రమే. చుక్క తర్వాత 39 దాటకూడదు, 40 రాగానే ఎకరం పూర్తవుతుంది. గంటలు, నిమిషాలు రాసినట్టు అనుకోండి. 2.20 గంటలకు మరో 2.20 కలిపితే 4.40 అవుతుంది కానీ, 2.40కి 2.40 కలిపితే 4.80 అనరు కదా, 5.20 అంటారు.

మీ విషయంలో తేడా ఎంతో చూడండి. రెండెకరాల ఇరవై గుంటలు అంటే సెంట్ల లెక్కలో 2.50. మీరు 2.20 అనుకున్నారు. ఒక్కొక్క వాటాకు 30 సెంట్లు, అంటే 12 గుంటలు, 1,452 చదరపు గజాలు. ఊరి పక్కన అయితే ఏడెనిమిది ఇళ్ళ స్థలాలు.

కంప్యూటర్_కాపు
మాస్టారు చెప్పిన ముక్క మా ఆఫీసులో గోడకు అంటించుకోవాలి. ఒక భూమి పనికి మూడు వందల మంది రైతుల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించి, కింద మొత్తం చూసుకుని మురిసిపోయాం. ఒక రైతు వచ్చి వేళ్ళ మీద లెక్కపెట్టి మొత్తం తప్పని చెప్పాడు. గుంటలన్నీ దశాంశాలుగా కూడబడ్డాయి. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి పెట్టి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాం. ఇంకొక విషయం, ఇప్పటి రికార్డుల్లో 1.0750 లాంటి అంకెలు కనబడతాయి. అది ఎకరం ఏడున్నర గుంటలు. అర గుంట కూడా పట్టడానికి నాలుగంకెలు రాస్తారు.

వరిచేను_భీమవరం
మామగారికి ఫోను చేశాను. "సరేలే బాబూ" అన్నారు, అంతకంటే మాట్లాడలేదు. శనివారం వెళ్తున్నాను. మాస్టారూ, గంటల పోలికతో మా అమ్మకు కూడా అర్థమైంది. కానీ ఈ 40, ఈ 100 ఎక్కడి నుంచి వచ్చాయి?

సర్వేరాయి
ముప్పై ఒక్క ఏళ్ళు సర్వే పనిలో ఉండి రిటైర్ అయినవాణ్ణి, నేను చెబుతాను. రెండూ ఒకే గొలుసులోంచి పుట్టాయి. ఇంగ్లండులో 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే లెక్కల పండితుడు తయారుచేసిన గొలుసు అది. పొడవు 66 అడుగులు, అందులో 100 లంకెలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరాలు పది కలిస్తే ఎకరం. అంటే ఒక చదరం పది సెంట్లు. అదే గొలుసును సగానికి మడిస్తే 33 అడుగులు. 33 అడుగులకు 33 అడుగుల చదరం గుంట. వాటిని నలభై పేరిస్తే అదే ఎకరం, 43,560 చదరపు అడుగులు. మద్రాసు రాజధానిలో ఉన్న జిల్లాలు సెంటు పట్టుకున్నాయి, నిజాం రాజ్యంలో ఉన్నవి గుంట పట్టుకున్నాయి. కర్ణాటకలో, మహారాష్ట్రలో కూడా ఇప్పటికీ గుంటలే.

ఆ గొలుసు చేత్తో పట్టుకున్నవాళ్ళకే దాని సంగతి తెలుస్తుంది. ప్రతి పది లంకెలకూ ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతుంది. పదో లంకె దగ్గర బిళ్ళకు ఒక పన్ను, ఇరవై దగ్గర రెండు, ముప్పైకి మూడు, నలభైకి నాలుగు, సరిగ్గా నడుమ యాభై దగ్గర గుండ్రటి బిళ్ళ. అక్కడి నుంచి మళ్ళీ నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఏ కొసన పట్టుకున్నా పని జరగాలని అలా చేశారు. కొత్తగా చేరిన కుర్రాడు నాలుగు పళ్ళ బిళ్ళ చూసి నలభై అని అరుస్తాడు, అది అరవై అయి ఉంటుంది. గుండ్రటి బిళ్ళ దాటామా లేదా అని చూసుకోకపోతే ఇరవై లంకెల తేడా, అంటే 13 అడుగులు పైన. రెండు కుటుంబాలు తరాల తరబడి కొట్టుకోవడానికి అది చాలు. అందుకే నేను కొలిచినప్పుడు రైతును పక్కన నిలబెట్టుకుని బిళ్ళ పళ్ళు లెక్కపెట్టమనేవాణ్ణి.

గోదారి_గట్టు
సర్వేరాయి గారూ, మీలాంటివాళ్ళు మా ఊరికి వచ్చి ఉంటే మా పెదనాన్నకు కోర్టు గుమ్మం ఎక్కే పని ఉండేది కాదు.

దశాంశం
ఇన్ని తిప్పలు ఎందుకు పడాలో నాకు అర్థం కాదు. దేశంలో తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు 1 నుంచి కిలోలు అమల్లోకి రావడం మొదలైంది. 2009 చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది. అయినా మనం గుంట, సెంటు, అంకణం, గజం అంటూనే ఉన్నాం. అన్నీ చదరపు మీటర్లలో రాస్తే ఈ అల్లుడి గారికి ఆ మాట పడేదా?

నేను ఊరికే చదువు గొప్పతో అనడం లేదు. మా తాత కౌలు రైతు. ఊళ్ళో షావుకారు దగ్గర ధాన్యం కొలిచే పాత్రలు, కుంచాలు, రెండు ఉండేవట, తీసుకునేటప్పుడు ఒకటి, ఇచ్చేటప్పుడు ఒకటి. బయటికి రెండూ ఒకలాగే ఉండేవి. ఇచ్చే కుంచానికి లోపల అడుగు కాస్త పైకి ఉండేది. మా నాన్న చిన్నప్పుడు అందులో చెయ్యి పెట్టి చూసి తెలుసుకున్నాడు. తాతకు చెబితే "నోరు మూసుకో, మళ్ళీ విత్తనాలు ఎవరిస్తారు" అన్నాడట. కిలో వచ్చాకే మా ఇంటికి న్యాయం వచ్చింది. పాత కొలతలంటే నాకు ముద్దు లేదు.

మొలగొలుకులు
దశాంశం గారి మాటకు నెల్లూరు నుంచి ఓటు. మా వైపు ధాన్యం బేరం ఇంకా పుట్టిలోనే. పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం ధర చెప్పేది క్వింటాలుకు. 2024-25లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. వ్యాపారి కళ్ళం దగ్గరికి వచ్చి "పుట్టి పంతొమ్మిది వేలు, సరేనా" అన్నాడు. పెద్ద అంకె కాబట్టి వినడానికి బాగుంది. ఎనిమిదిన్నరతో హెచ్చవేస్తే 19,550 రావాలి. పుట్టికి 550 తక్కువ. మా చిన్నాన్న అప్పటికే తల ఊపేశాడు.

పాతకుంచం
మొలగొలుకులు గారూ, పుట్టి అంటే 850 కిలోలు అనేది మీ వైపు మాట. అసలు పుట్టి తూకం కాదు, కొలత. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. మా కరీంనగర్ వైపు మా తాత ఇది ఎక్కం చదివినట్టు చదివేవాడు. గింజ లావైతే ఒక తూకం, సన్నమైతే ఒక తూకం. మీ పుట్టికి 850 అని ఎప్పుడో ఒక అంకె బిగించారు.

దశాంశం గారి తాత బాధ నిజం. అందులో తప్పు షావుకారుది, కుంచానిది కాదు. మా ఇంట్లో కుంచంతో వడ్లు కొలవడం నేను చూశాను. కళ్ళం మీద తాత తూర్పు ముఖంగా కూర్చుని మొదటి కుంచం పోస్తూ "ఒకటి" అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. తర్వాత రెండు, మూడు. మేం పిల్లలం చుట్టూ నిలబడి ఆ "లాభం" కోసం కాచుకుని, ఆయనతో కలిసి అరిచేవాళ్ళం. కుంచం పైన కుప్ప కట్టాలా, చేత్తో చదును చేయాలా అన్నది ముందే మాట్లాడుకునేవారు. కూలి ఇచ్చేటప్పుడు మా నాయనమ్మ కుప్ప కట్టి పోయించేది. చదును చేస్తే ఒప్పుకునేది కాదు.

ఓరుగల్లు_కోట
మా చేను పేరే పందుం. పందుం అంటే పది తూములు. ఏదుం అంటే ఐదు, ఇద్దుం రెండు, నల్తుం నాలుగు. గింజల కొలతే చేనుకు పేరైపోయింది. రికార్డుల్లో సర్వే నంబరు ఉంటుంది కానీ మా ఊళ్ళో ఎవరూ నంబరు చెప్పరు, "పందుం కాడికి పోతున్న" అంటారు.

దశాంశం
పాతకుంచం గారూ, మీ నాయనమ్మకు దండం. కానీ కుప్ప కట్టి పోయడం ఆవిడ మంచితనం. కూలివాళ్ళ కడుపు ఒకరి మంచితనం మీద ఆధారపడకూడదు, అదే నా మాట.

సర్వేరాయి
కాటా వచ్చినంత మాత్రాన మోసం పోయిందా? తూనికలు కొలతల శాఖ ముద్ర లేని రాళ్ళతో తూచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మా వీధిలో ఒక పండ్ల బండి మీద కాటాకు ఒక పక్క పళ్ళెం కింద మైనం ముద్ద ఉండేది. నేనే పట్టుకున్నాను.

మల్లెమొగ్గ
నాది చిన్న మాట. మా అమ్మ పాతికేళ్ళుగా పూలు అమ్ముతుంది. మోచేతి నుంచి నడివేలి కొస దాకా మూర. "పొడుగ్గా ఉన్నవాళ్ళ దగ్గర కొంటే ఎక్కువ వస్తుంది" అని కొనేవాళ్ళు మా ముందే అంటూ ఉంటారు. మా అమ్మ పొట్టిది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. మూర పొడవు చూడకండి, దారం మీద మొగ్గలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో చూడండి. మా అమ్మ కట్టిన మాలలో నడుమ దారం కనబడదు. ఎడంగా కట్టినవాళ్ళ మూరన్నర, మా అమ్మ మూర, రెండూ తూచండి. దశాంశం గారూ, మీటరు బద్ద పెట్టి కొలిచినా ఈ తేడా మీటరుకు తెలియదు.

దశాంశం
మల్లెమొగ్గ గారూ, ఇది నాకు తోచలేదు. అమ్మగారికి నమస్కారం చెప్పండి. పూలను తూచి అమ్మాలని అనబోయాను, కానీ తడి పూలు ఎక్కువ తూగుతాయి. ఈ ఒక్క విషయంలో నా దగ్గర జవాబు లేదు.

నేతచీర
మీటరు అనగానే గుర్తొచ్చింది. అందరూ ఆరు గజాల చీర అంటారు. దుకాణంలో ఐదున్నర మీటర్లు అని రాసి ఉంటుంది. చీర తగ్గిపోయిందని మా అత్తయ్య గొడవ. గజం 0.9144 మీటర్లు, ఆరు గజాలు వేస్తే 5.49. అంటే ఐదున్నర మీటర్లలో ఆరు గజాలూ ఉన్నాయి, పైగా సెంటీమీటరు దాకా కొసరు. మగ్గం మీద మా నాన్న ఇప్పటికీ గజాల్లోనే మాట్లాడతాడు, బిల్లు మీటర్లలో రాస్తాడు.

సవర_తులం
బంగారం సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది. మా నాయనమ్మ నగల చీటీ ఒకటి పెట్టెలో దొరికింది. ఇంకు సిరాతో "మొత్తం 12 తులాలు" అని రాసి ఉంది. పంపకానికి దుకాణంలో తూకం వేయిస్తే 140 గ్రాములు. తులం అంటే 10 గ్రాములని అందరికీ తెలుసు కాబట్టి 120 రావాలి. ఇరవై గ్రాములు ఎక్కువ! మా మేనత్త తన గొలుసు ఒకటి అందులో కలిసిపోయిందని పట్టు పట్టింది. ఇంట్లో నెల రోజులు మనశ్శాంతి లేదు.

చివరికి ఒక ముసలి కంసాలి విడదీసి చెప్పారు. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు లెక్క తేలికని 10కి కుదించి తులం అంటున్నారు. 12ను 11.66తో హెచ్చవేస్తే దాదాపు 140. ఎవరి గొలుసూ కలవలేదు. మేనత్తకు చెప్పాక ఆవిడ ఆ చీటీ తీసుకుని కళ్ళకు అద్దుకుంది.

కృష్ణాతీరం
మా వైపు కాసు అంటారు, 8 గ్రాములు. సవర అన్నా అదే. ఇంగ్లీషువాళ్ళ బంగారు నాణెం 7.988 గ్రాములు ఉండేది, దాన్ని 8 చేసుకున్నాం. హైదరాబాదు సంబంధం కుదిరినప్పుడు మేం ఇరవై కాసులు అన్నాం, వాళ్ళు ఇరవై తులాలు అని విన్నారు. 160కి 200కి మధ్య నలభై గ్రాములు. పెళ్ళి పీటల దాకా రాకముందే గ్రాముల్లో రాసుకోవడం మేలైంది.

డల్లాస్_గోంగూర
ఇక్కడ అమెరికాలో నా తిప్పలు వినండి. పాలు గాలనులో, కూరగాయలు పౌండ్లలో, పొయ్యి వేడి ఫారెన్‌హీట్‌లో. నిరుడు వేసవిలో ఆవకాయ పెట్టాను. అమ్మ ఫోనులో "సోలెడు కారం, సోలెడు ఆవపిండి, సోలెడు ఉప్పు" అని చెప్పింది. సోల అంటే ఎన్ని గ్రాములని అడిగితే "నాకేం తెలుసు" అంది. వెతికి ఒక అంకె పట్టుకుని, మూడింటినీ అన్నేసి గ్రాములు తూచి కలిపాను. ఆవకాయలో ఉప్పే తెలియడం లేదు, పదిహేను రోజులకు బూజు పట్టింది. ఆరు మామిడికాయలు, ఊరి నుంచి తెచ్చిన పచ్చి ఆవాలు పారబోశాను.

ఊరగాయ_జాడీ
అమ్మాయీ, తప్పు అమెరికాది కాదు, త్రాసుది. ఉప్పు బరువు, కారం తేలిక. సోలెడు ఉప్పు తూచితే సోలెడు కారం కంటే చాలా ఎక్కువ తూగుతుంది. మూడూ సమానంగా తూచావు కాబట్టి ఉప్పు తగ్గిపోయింది. ఉప్పు తక్కువైతే బూజు రాక ఏం చేస్తుంది? మీ అమ్మ చెప్పింది కొలత, తూకం కాదు. సోల లేకపోతే కాఫీ గ్లాసు తీసుకో, పాత పెరుగు డబ్బా తీసుకో. దేనితో కారం కొలిచావో దానితోనే ఆవపిండి, దానితోనే ఉప్పు. గిన్నె మారకూడదు, అంతే.

మా ఇంటి సోల కంచుది, మా అత్తగారి అత్తగారిది. ఒక పక్క సొట్ట ఉంది, ఎవరో పిల్లలు పడేశారట. సొట్ట తీయించమని మా అబ్బాయి అన్నాడు. వద్దన్నాను. ఆ సొట్టతోనే మా ఉప్పూ కారం కుదిరాయి, సాపు చేస్తే నా చేతి లెక్క తప్పుతుంది.

డల్లాస్_గోంగూర
పిన్నిగారూ, ఈ ఏడు కాఫీ గ్లాసుతో పెడతాను. బాగా కుదిరితే ఇక్కడే చెబుతాను.

పాతకుంచం
అసలు మన చేతులే కొలతలు. చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు, జానెడు, బెత్తెడు, మూరెడు, బారెడు. ఏ పాత్ర పేరుకైనా -ఎడు తగిలిస్తే నిండా అని అర్థం. చేటెడు బియ్యం, గంపెడు ఆశ. "బారెడు పొద్దెక్కింది, లే" అని మా అమ్మ లేపేది. ఆకాశాన్ని కూడా బార పెట్టి కొలిచినవాళ్ళం.

లెక్కల_మాస్టారు
బడిలో "కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు" అన్న సామెత చెబితే పిల్లలు కుంచం అంటే రంగులు వేసే కుంచె అనుకున్నారు. మరునాడు మా ఇంటి కుంచం తీసుకువెళ్ళి బల్ల మీద పెట్టాను. ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి పెట్టి చూశారు. కొలతలు మెట్రిక్‌లోనే నేర్పాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ వస్తువు ఒకసారి పిల్లల చేతికి అందాలి.

నయాపైస
నా వయసు 79. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు నేను బడికి వెళ్ళే పిల్లవాణ్ణి. రూపాయికి 16 అణాలు పోయి 100 పైసలు వచ్చాయి. పావలాకు 25, అర్ధరూపాయికి 50, అక్కడిదాకా బాగానే ఉంది. అణాకు ఆరుంబావు. ఆ పావు ఎక్కడ తేవాలి? అణాకు ఆరు పైసలే ఇచ్చేవారు. నేను అణా అణా చొప్పున పదహారు అణాలు దాచి మార్చుకుంటే 96 పైసలు చేతిలో పెట్టారు. నాలుగు పైసలు ఎటు పోయాయని ఇంటికి వచ్చి ఏడ్చాను. మా నాన్న మళ్ళీ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, పదహారూ ఒక్కసారి పోసి నిండు రూపాయి తెచ్చాడు. వరిచేను గారి అరవై సెంట్ల కథ చదవగానే ఆ నాలుగు పైసలు కళ్ళ ముందు మెదిలాయి.

కృష్ణాతీరం
పెద్దాయనా, అణాలు పోయినా "పదహారణాల తెలుగు" పోలేదు. పావలా నాణెం 2011 జూన్ తర్వాత చెల్లదు కానీ పావలా వడ్డీ ఉంది. నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు, అంటే మూడు శాతం. "రెండు రూపాయల వడ్డీయే కదా" అని చేబదులు తీసుకునేవాళ్ళు అది ఏడాదికి 24 శాతం అని ఒకసారి రాసి చూసుకోండి. బ్యాంకు ఏడాదికి చెబుతుంది, ఊళ్ళో నెలకు చెబుతారు. దీనిలో కాలిపోయిన ఇళ్ళు మా ఊళ్ళో మూడు ఉన్నాయి.

దశాంశం
ఇది చాలా ముఖ్యమైన మాట. కొలత కొత్తదైనా పాతదైనా, దేనికి అన్నది చెప్పకపోతే ప్రమాదమే.

గోదారి_గట్టు
నీళ్ళ లెక్క కూడా వినండి. టీవీలో శ్రీశైలం 885 అడుగులు, సాగర్ 590 అడుగులు అంటారు. పోలవరం దగ్గరికి వచ్చేసరికి 45.72 మీటర్లు. ఇదేం వింత అంకె అనుకునేవాణ్ణి. మూడు అడుగులకు 0.9144 చొప్పున వేసి చూస్తే అది సరిగ్గా 150 అడుగులు. మనసులో అడుగుల్లో అనుకుని కాగితం మీద మీటర్లలో రాసినట్టుంది. ఇక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, దాదాపు 2,830 కోట్ల లీటర్లు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ.

వరదల్లో మాత్రం మీటర్లు చెప్పవద్దు. భద్రాచలం దగ్గర 43 అంటే మొదటి హెచ్చరిక, 48 అంటే రెండోది, 53 అంటే మూడోది. ఆ మూడంకెలూ మా ఊళ్ళో చిన్న పిల్లలకు కూడా తెలుసు. 48 అనగానే మా అమ్మ బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కిస్తుంది. దాన్ని 14.63 మీటర్లు అని మారిస్తే ఆవిడ ఎప్పుడు ఎక్కించాలి?

దశాంశం
ఎక్కించాల్సిన సమయం తెలియడమే ముఖ్యం, ఒప్పుకుంటాను. అడుగులే ఉండనివ్వండి.

కంప్యూటర్_కాపు
జ్వరం కూడా అంతే. కొత్త థర్మామీటరు 38.4 చూపిస్తే మా అమ్మ "ముప్పై ఎనిమిదేగా, జ్వరం లేదు" అని బాబుకు తలంటు పోయబోయింది. అది 101 పైన. ఇప్పుడు డబ్బా మీద రెండూ రాసి పెట్టాం.

మొలగొలుకులు
కొత్త కొలత ఒకటి మన కళ్ళ ముందే పుట్టింది, చూశారా? బియ్యం బస్తా 26 కిలోలు. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న బస్తాలకు జీఎస్టీ వేశారు. మరునాటి నుంచి మిల్లులు 26 కిలోల సంచులు కుట్టించాయి. మా అబ్బాయి "బస్తా అంటే 26 కిలోలు" అంటాడు. మా నాన్నకు బస్తా అంటే 75 కిలోల ధాన్యం.

అంకణం_ఇల్లు
మాకు స్థలాలు అంకణాల్లో. నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. తిరుపతిలో యాభై అంకణాల స్థలం చవకగా వస్తోందని మా తమ్ముడు బయానా ఇచ్చి వచ్చాడు. చూస్తే సగమే. బయానా తిరిగి రాలేదు. వరిచేను గారూ, మీకు మాట పోయింది, మాకు డబ్బు పోయింది. ఏ కాగితం మీదైనా చదరపు గజాలు కూడా రాయించుకోండి.

వరిచేను_భీమవరం
శనివారం వెళ్ళి వచ్చాను. చర్చలో ఇంతమంది రాస్తారని అనుకోలేదు.

వెళ్ళగానే మామగారి కాళ్ళకు దండం పెట్టాను. ఆయన ఏమీ అనకుండా కండువా భుజాన వేసుకుని "పద" అన్నారు. తోడల్లుడు కూడా వచ్చాడు. చేను గట్టున ఒక మూల నిలబడి, ముప్పై మూడు అడుగుల తాడు ఇచ్చి ఒక కొస నన్ను పట్టుకోమన్నారు. ఇటు ఒకసారి, అటు ఒకసారి లాగి నాలుగు మూలలా పుల్లలు గుచ్చారు. "ఇదీ గుంట" అన్నారు. ఆ చదరంలో వరి దుబ్బులు పచ్చగా నిలబడి ఉన్నాయి. "ఇలాంటివి నీకు వంద, ఆయనకు వంద" అన్నారు. నలభై రెట్లు రెండు, ఆపై ఇరవై. నిజమే, వంద గుంటలు. ఇలా చెప్పి ఉంటే నాకు ఆ రోజే తెలిసేది, కానీ నేను అడిగిన తీరుకు ఆయన ఎందుకు చెబుతారు?

ఇంటికి వచ్చాక కాగితం మళ్ళీ రాశారు. ఈసారి అక్షరాల్లో: రెండు ఎకరాల ఇరవై గుంటలు, అనగా 12,100 చదరపు గజాలు. అంకణం_ఇల్లు గారి మాట విని గజాలు నేనే రాయించాను. కింద 1.01 హెక్టార్లు అని మా తోడల్లుడు చేర్చాడు. అది దశాంశం గారి కోసం. మామగారు చదువుకుని, సంతకం పెట్టి, కలం నా చేతికి ఇచ్చారు.

నయాపైస
మంచి కబురు చెప్పారు.

ఊరగాయ_జాడీ
బావి ఎవరి వాటాలోకి వచ్చింది బాబూ? అది రాసుకున్నారా?

వరిచేను_భీమవరం
సరిగ్గా గట్టు మీద ఉంది పిన్నిగారూ, ఇద్దరికీ అని రాసుకున్నాం. లోతు పది గజాలని మామగారు చెప్పారు, నేను ముప్పై అడుగులని రాశాను. ఈసారి ఇద్దరం ఒకేసారి నవ్వాం.